మందారానికి ఆఫీసు వేళలు

పైనుంచి ఉత్తర్వు రానంతకాలం నల్లంక ఊళ్లో పువ్వులు వాటి మానాన అవి పూసేవి. గోదావరి గట్టు కింది ఊరు కాబట్టి ఎండు కర్ర పాతినా చిగురేసేది. పూసిన పువ్వును ఆడవాళ్లు తల్లో పెట్టుకునేవారు, మగవాళ్లు దేవుడి పటానికి పెట్టేవారు, మిగిలింది మేకలు తినేవి. ఈ ఏర్పాటులో ఏదో లోపం ఉందని ఊళ్లో ఎవరికీ తోచలేదు.

ఆ లోపాన్ని రాజధానిలో ఎవరో మహానుభావుడు కనిపెట్టాడు. వెంటనే 'ఒక పట్టణం, ఒక పుష్పం' అనే పథకం పుట్టింది. ప్రతి పురపాలక సంఘమూ తనకంటూ ఒక పువ్వును ప్రకటించుకోవాలి. ఆ పువ్వు ఇంకే ఊళ్లోనూ ఉండకూడదు. దాన్ని శ్రావణ మాసం దాటకుండా మంత్రిగారి చేతుల మీదుగా ఆవిష్కరించాలి.

నల్లంక కమిషనరు నీలాద్రిరావు గారు ఆ ఉత్తర్వు చదివి, ఉద్యాన విభాగం సూపరింటెండెంటు తాతబ్బాయిని పిలిపించారు. ఉద్యాన విభాగమంటే తాతబ్బాయి, ఒక గడ్డి కోసే మిషనూ. మిషను పాడైపోయి, ఎందుకు పాడైందో తేల్చే విచారణలో ఉంది.

"మన ఊళ్లో మాత్రమే ఉన్న పువ్వేదయ్యా?" అన్నారు కమిషనరు.

తాతబ్బాయి చాలాసేపు ఆలోచించాడు. "బంతి ఉందండి. కనకాంబరం ఉందండి. కాకపోతే అవి అన్ని ఊళ్లలోనూ ఉన్నాయండి."

"అన్ని ఊళ్లలో ఉన్నది మనకెందుకు?"

"మరైతే కొత్తది పుట్టించాలండి. మా వీధి చివర జాకెట్లు కుట్టే సత్యవేణమ్మ గారని ఉన్నారండి. ఆవిడ డాబా మీద మందారాలు పుట్టిత్తుంటారండి. ఇంకా విచ్చని మొగ్గ ఒకటి ఉందంటున్నారు. ఎలా ఉంటాదో ఆవిడక్కూడా తెలీదంట."

"ఎవరికీ తెలియనిదంటే ఇంకే ఊళ్లోనూ లేనట్టే," అన్నారు కమిషనరు. పథకం సగం అమలైపోయినంత తృప్తి కలిగింది ఆయనకు.

సత్యవేణికి మందారాల పిచ్చి ఇవాళ్టిది కాదు. పెళ్లయిన కొత్తలో ఎవరో పెళ్లివారి చీరకు జాకెట్టు కుట్టింది. వంకాయ రంగు ఒళ్లు, సన్నటి పసుపు అంచు. ఆ చీర పెట్టెలో పెట్టి తిరిగి ఇచ్చేసేటప్పుడు ఆవిడకు ఏడుపొచ్చింది. అలాంటిది కొనే తాహతు అప్పుడూ లేదు, తర్వాతా రాలేదు. కొనుక్కోలేనిదాన్ని పూయించుకుందామని డాబా ఎక్కింది.

పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా, ఒక మందారం మీది పుప్పొడిని రంగులేసే బ్రష్షుతో తీసి, ఇంకో మందారం మధ్య కాడ కొసనున్న అయిదు చుక్కల మీద అద్దుతుంది. తర్వాత ఆ పువ్వు తొడిమకు ఒక దారం ముక్క కడుతుంది. పుప్పొడిచ్చింది పసుపు మందారమైతే పసుపు దారం, ఎర్రదైతే ఎర్ర దారం. దారాలకు కుట్టుమిషను దగ్గర కరువు లేదు. కాయ కట్టాలి, పండి పగలాలి, గింజ మొలవాలి, మొలిచిన మొక్క మొగ్గ తొడగాలి. అప్పటిదాకా ఏ రంగో ఎవరికీ తెలియదు. ఒకే కాయలోంచి వచ్చిన గింజలు కూడా ఒక తల్లి పిల్లల్లాగే ఒకదానికొకటి పొంతన లేకుండా పూస్తాయి. ఏళ్ల తరబడి ఆవిడ డాబా మీద ఎరుపులు పూశాయి, తెలుపులు పూశాయి, చూడగానే మొహం తిప్పుకోవాలనిపించేవీ పూశాయి. ఈసారి మొక్క మాత్రం వేరుగా ఉంది. కాడల్లో వంకాయ నలుపు దిగింది. దానికి వేసింది ఒకే ఒక్క మొగ్గ, మిరియపు గింజంత.

ఆ మొగ్గ ముందు కమిషనరు, తాతబ్బాయి, ఒక ఫొటోగ్రాఫరు వచ్చి నిలబడ్డారు. సత్యవేణి భర్త గంగరాజు కుర్చీలు వేశాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, నలుగురు కనబడితే వరసలో నిలబెట్టే అలవాటు ఇంకా పోలేదు.

"అమ్మా, ఈ పుష్పం రంగు ఏమిటో ముందుగా తెలియపరచాలి," అన్నారు కమిషనరు. "ఫ్లెక్సీలు ప్రింటింగుకు ఇవ్వాలి."

"విచ్చితే గానీ తెలీదండి," అంది సత్యవేణి.

"సుమారుగా చెప్పండి."

"సుమారుగా కూడా తెలీదండి. వంకాయ రంగులో పసుపంచుతో రావాలని నా ఆశండి. అది దాని ఇష్టం."

"పురపాలక సంఘం పరిధిలో రంగు ఎవరి ఇష్టానికీ వదలడం కుదరదమ్మా," అన్నారు కమిషనరు సౌమ్యంగా. "కౌన్సిల్లో పెడతాం."

కౌన్సిల్లో పెట్టారు. పసుపు అనగానే ఒక వైపు నుంచి కుర్చీలు లేచాయి. నీలం అంటే ఇంకో వైపు నుంచి లేచాయి. ఎరుపు, ఆకుపచ్చ, కాషాయం, గులాబి, ఏ పేరు చెప్పినా అది ఎవరిదో ఒకరి జెండాలో ఉంది. తెలుపు అంటే శాంతి కదా అని ఎవరో అన్నారు. తెలుపు అన్ని జెండాల్లోనూ కొంచెం ఉంది కాబట్టి ఎవరికీ చెందదని అన్ని వైపుల వాళ్లూ లేచారు. చివరికి సాయంత్రం టీ చల్లారిపోయాక, ఏ పార్టీ జెండాలోనూ లేని రంగు సిమెంటు రంగు ఒక్కటేనని తేలింది. నల్లంక పట్టణ పుష్పం సిమెంటు రంగులో ఉండవలెనని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఊళ్లో ఏకగ్రీవంగా జరిగిన తీర్మానం అదే మొదటిది.

మర్నాడు తాతబ్బాయి చెత్త ట్రాక్టరు వేసుకుని సత్యవేణి ఇంటికొచ్చాడు.

"మొక్కని ఆఫీసుకి తెమ్మన్నారండి. పట్టణ పుష్పం ప్రైవేటు డాబా మీద పూత్తే ఎలాగండి, ఆడిట్ వాళ్లు అడుగుతారు."

"కదిపితే మొగ్గ రాలిపోద్దయ్యా," అంది సత్యవేణి. "ఒక్కటే ఉంది. దాన్ని చూద్దామని ఇన్నేళ్ల నుంచి చూత్తున్నాను."

"తవరికి విజిటింగు పాసు ఇత్తామన్నారండి. మధ్యాన్నం మూడు నుంచి అయిదు."

"నీళ్లు పొద్దున్నే పొయ్యాలి."

"పొద్దున్నే ఆఫీసు తెరవరు గదండి," అన్నాడు తాతబ్బాయి. అతనికి నిజంగానే జాలేసింది. కానీ జాలి పడమని ఉత్తర్వులో లేదు.

కుండీ కమిషనరు గదిలోకి చేరింది. సత్యవేణి కూడా ట్రాక్టరెక్కి, ఒళ్లో పసిబిడ్డను పెట్టుకున్నట్టు కుండీని పట్టుకుని కూర్చుంది. ఏసీ గాలి తగలకుండా అద్దాల కిటికీ పక్కన పెట్టించింది. అక్కడినుంచి రోజూ మూడింటికి పాసు చూపించి లోపలికెళ్లి, మట్టి తడి చూసి, మొగ్గను చూసి, అయిదింటికి బయటికొచ్చేది. ఇంటికొచ్చాక మిషను మీద చెయ్యి ఆడేది కాదు. ఒక రోజు ఒకే జాకెట్టుకు రెండు ఎడమ చేతులు కుట్టింది.

వారం తిరిగేసరికి మొదటి చిక్కు వచ్చింది. మొక్కలన్నీ చేసే పనే ఇదీ చేసింది, వెలుతురు వైపు ఒరిగింది. వెలుతురు కిటికీలోంచి వస్తుంది. కిటికీ వైపు ఒరిగితే కమిషనరు గారి కుర్చీకి వీపు చూపినట్టవుతుంది.

"సందర్శకులు దీన్ని ఎలా అర్థం చేసుకుంటారు?" అని అడిగారు నీలాద్రిరావు గారు. మొక్క వైఖరిని సరిదిద్దవలసిందిగా ఉద్యాన విభాగానికి మెమో వెళ్లింది. రోజూ ఉదయం కుండీని కుర్చీ వైపు తిప్పడానికి ఒక అటెండరును నియమించారు. పొద్దున కుర్చీ వైపు తిప్పితే సాయంత్రానికి ఆకులు మళ్లీ కిటికీ వైపు తిరిగేవి. ఆవిష్కరణ ఏర్పాట్ల కోసం ఆ అటెండరును షామియానా పనికి పంపేశాక, మొక్క హాయిగా కిటికీ వైపే ఉండిపోయింది. మొగ్గ మాత్రం పెరిగింది. ఇంత జరిగినా రాలనందుకు సత్యవేణి దానికి మనసులోనే దండం పెట్టుకుంది.

మంత్రిగారు వచ్చే మంగళవారం పదకొండింటికి వస్తారని కబురొచ్చింది. ఆ బుధవారం మూడింటికి వెళ్లిన సత్యవేణి, మొగ్గ కొసను వేలితో తాకీ తాకకుండా చూసి, "ఆదివారం పొద్దున్న విచ్చుద్దండి," అంది.

కమిషనరు గారు కళ్లజోడు తీశారు. "మంగళవారం అనుకున్నాం కదమ్మా."

"మందారం ఒక్క పూటేనండి. పొద్దున విచ్చితే సాయంత్రానికి ముడుచుకుపోద్ది."

"అయితే రెండు రోజులు ఆపండి."

"అది నా చేతిలో లేదండి."

"మరి ఎవరి చేతిలో ఉంది? వారి పేరు, హోదా చెప్పండి. మేం మాట్లాడతాం."

సత్యవేణి పైకి చూసింది. అక్కడ ఫ్యాను తిరుగుతోంది. ఆ హోదా వివరాలు ఆవిడ దగ్గర లేవు.

సాయంత్రానికి కుండీ ఎదురుగా గోడకు ఒక కాగితం అంటించారు. సదరు మొగ్గ రాబోవు మంగళవారం ఉదయం పదకొండు గంటలకు ముందు ఎట్టి కారణము చేతనూ విచ్చుకొనరాదని ఇందుమూలముగా ఆదేశించడమైనది, అని అందులో ఉంది.

"దానికి చదువు రాదు గదండి," అన్నాడు తాతబ్బాయి.

"నోటీసు అంటించాక తెలియదంటే చెల్లదు," అన్నారు కమిషనరు. అయినా ఆయన మనసులో గుబులు పోలేదు. "ముందు జాగ్రత్తగా ఇంకేమైనా చేయగలమా?"

"రబ్బరు బ్యాండు వేత్తే ఎలా ఉంటాదండి? మంగళవారం పదకొండింటికి మంత్రిగారు బ్యాండు తీత్తారు. రిబ్బను కట్టింగు లాగే ఉంటాది."

ఆ మాట కమిషనరు గారికి నచ్చింది. ఆ ఆలోచన గురువారం మూడింటికి సత్యవేణికి చెప్పారు. బ్యాండు బిగిస్తే మొగ్గ లోపలే కమిలి, తొడిమతో సహా రాలుతుంది. ఏడ్చినా బతిమాలినా ఈ గదిలో పనికి రాదని ఈ నెల రోజుల్లో ఆవిడకు తెలిసొచ్చింది. గంగరాజు ఎప్పుడూ చెప్పే మాట గుర్తొచ్చింది: డిపోలో బస్సు ఆపాలన్నా కదపాలన్నా అరుపులు పనిచెయ్యవు, సంతకం ఎవరిది అని ఒక్క మాట అడిగితే చాలు.

"అలాగే కానివ్వండి," అంది సత్యవేణి. "కాకపోతే మంగళవారానికి మొగ్గ రాలిపోతే, రబ్బరు బ్యాండు ఎయ్యమని ఎవరు సంతకం పెట్టారని మంత్రిగారు అడుగుతారేమోనండి. ఆ కాగితం ఏదో ఇప్పుడే పెట్టుకుంటే మంచిదండి."

కమిషనరు గారు జేబులోంచి తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "ఫైలు పెట్టవయ్యా," అన్నారు తాతబ్బాయితో.

ఫైలు పెట్టారు. మొగ్గ ప్రాణమున్న వస్తువు కాబట్టి ఆరోగ్య విభాగానికి వెళ్లింది. బిగింపు పని కాబట్టి ఇంజనీరింగు విభాగానికి వెళ్లింది. శనివారం సాయంత్రం న్యాయ విభాగం నుంచి తిరిగొచ్చింది. ప్రతిపాదిత రబ్బరు బ్యాండు కొత్తదా, వాడినదా అని స్పష్టత కోరారు. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు. అయిదు కొట్టగానే కమిషనరు గారు బంధువుల పెళ్లికి విశాఖపట్నం వెళ్లారు. తాతబ్బాయి గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఆయన వెనకే బ్యాగు పట్టుకుని వెళ్లాడు.

ఆదివారం తెల్లవారకముందే సత్యవేణి, గంగరాజు ఆఫీసు గేటు దగ్గరున్నారు. వాచ్‌మన్ అప్పలస్వామి వేపపుల్ల నములుతున్నాడు.

"లోపలికి పంపడానికి లేదమ్మా. ఇయ్యాల ఆఫీసు లేదు."

"లోపలికి ఒద్దయ్యా. పక్కనించి కిటికీ దగ్గర నిలబడి చూసుకుంటాం."

అప్పలస్వామి ఆలోచించాడు. తలుపు గురించి తనకు ఉత్తర్వు ఉంది. కిటికీ గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. "చూసుకోండమ్మా," అన్నాడు.

మొక్క కిటికీ వైపే తిరిగి ఉంది. కమిషనరు గారి కుర్చీకి వీపు చూపిస్తూ, గోడ మీది నోటీసుకు కూడా వీపు చూపిస్తూ, మొగ్గ అద్దానికి జానెడు దూరంలో నిలబడింది. తూర్పున ఎర్రబడింది. ముందు ఒక రేక వదులైంది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగా చుట్టలు విప్పుకుని అరచేయంత విచ్చుకుంది. లేత వంకాయ ఒళ్లు. చుట్టూ, సరిగ్గా కుట్టిన అంచులాగా, సన్నటి పసుపు గీత.

సత్యవేణి అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారిపోతున్నా తుడుచుకోలేదు. ఇంత సంతోషం తట్టుకునే అలవాటు ఆవిడకు లేదు.

"ఏవే, ఇదేనా ఆ చీర?" అన్నాడు గంగరాజు మెల్లగా.

"దానికన్నా బాగుందండి," అంది సత్యవేణి.

వీధులూడ్చే ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని అటుగా వెళ్తూ ఆగారు. వాళ్లని చూసి టీ బండివాడు వచ్చాడు. నడకకు బయలుదేరిన పెద్దమనుషులు వచ్చారు. ఎనిమిదయ్యేసరికి చూసేవాళ్ల వరస గేటు దాటి రోడ్డు మీదికి సాగింది. గంగరాజుకు ప్రాణం లేచొచ్చింది.

"లైన్లో రండి, లైన్లో. చూసినవాళ్లు ముందుకి జరగండి. అమ్మా, పిల్లాణ్ణి ఎత్తుకుని చూపించు. నిలబడిపోకండి, ఎనకాల చాలామందున్నారు."

చూసినవాళ్లు మళ్లీ వెళ్లి వరస చివర నిలబడ్డారు. కౌన్సిల్లో సిమెంటు రంగుకు చెయ్యెత్తినవాళ్లు కూడా మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చి చూసిపోయారు. మధ్యాహ్నం ఒకావిడ గొడుగు కింద వరసలో చాలాసేపు నిలబడి, చూసి, సత్యవేణి చెయ్యి పట్టుకుని నొక్కి వెళ్లిపోయింది. ఆవిడ ఎవరో సత్యవేణికి తెలియదు. చీకటి పడేవేళకు రేకులు మళ్లీ చుట్టుకున్నాయి. జనం ఇళ్లకు వెళ్లారు.

సోమవారం పదిన్నరకు తాళం తీసేసరికి పువ్వు కింద రాలి ఉంది. ఊడ్చే ఆమె కమిషనరు గారు రాకముందే దాన్ని చేటలోకి ఎత్తేసింది.

విచారణ మొదలైంది. "నిన్న పువ్వు పూసిందా?" అని అప్పలస్వామిని అడిగారు.

"నా డ్యూటీ గేటు చూడ్డవండి. పువ్వు చూడమని నాకెవరూ డ్యూటీ ఎయ్యలేదండి."

ఊరంతా చూసిందని తాతబ్బాయి నసిగాడు. కమిషనరు గారు చాలాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. పువ్వు పూసిందని ఒప్పుకుంటే మంత్రిగారికన్నా ముందు పూయనిచ్చింది ఎవరన్న ప్రశ్న వస్తుంది. నోటీసు ఉండగా ఎలా పూసిందన్నది ఇంకో ప్రశ్న. ఏకగ్రీవ తీర్మానానికి విరుద్ధంగా వంకాయ రంగులో ఎందుకు పూసిందన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

"ఆదివారం ఆఫీసు లేదు," అన్నారాయన చివరికి. "ఆఫీసు లేనప్పుడు ఆఫీసులో జరిగినదేదీ జరిగినట్టు కాదు. కాబట్టి పువ్వు పూయలేదు."

మూడింటికి వచ్చిన సత్యవేణి ముందు ఒక కాగితం పెట్టారు. తన మొక్క పూయలేదనీ, దానికి పూసే స్వభావం లేదనీ, అందుచేత దాన్ని పట్టణ పుష్పంగా పరిగణించనందుకు తనకు అభ్యంతరం లేదనీ అందులో ఉంది.

"సంతకం పెడితే మొక్కను తీసుకెళ్లొచ్చమ్మా," అన్నారు కమిషనరు. "లేదూ పూసిందంటారా, ఇది అనుమతి లేని పూత అవుతుంది. విచారణ తేలేవరకూ మొక్క ఆఫీసులోనే ఉండాలి."

"విచారణ ఎన్నాళ్లండి?"

తాతబ్బాయి మెల్లగా, "గడ్డి మిషను విచారణే ఇంకా తేల్లేదండి," అన్నాడు.

సత్యవేణి పెన్ను తీసుకుంది. జీవితంలో తను చేసిన ఒకే ఒక్క గొప్ప పని జరగలేదని తన చేత్తోనే రాసివ్వాలి. నిన్న మధ్యాహ్నం వరస తిరిగి తిరిగి వచ్చిన మొహాలు గుర్తొచ్చాయి. సంతకం పెట్టేసింది. కుండీని చంకనెత్తుకుని బయటికొచ్చింది.

"ఊరంతా చూత్తే పూయలేదని రాసిచ్చావా?" అన్నాడు గంగరాజు కోపంగా.

"ఊరు చూసింది గదండీ," అంది సత్యవేణి. "ఇంకెవరు చూడాలి?"

మంగళవారం పదకొండింటికి నాలుగు రోడ్ల కూడలిలో మంత్రిగారు తెర లాగారు. సిమెంటు దిమ్మ మీద, అద్దాల పెట్టెలో, సిమెంటు రంగు ప్లాస్టిక్ మందారం వెలిసింది. ఇంకే ఊళ్లోనూ అలాంటిది లేదని మంత్రిగారు మెచ్చుకున్నారు. అది నిజమే. కమిషనరు గారికి శాలువా కప్పారు.

ఆ వారం నుంచే సత్యవేణి ఇంటికి జనం రావడం మొదలైంది. మొక్కను ముందు కోలుకోనివ్వాలని ఆవిడ అందర్నీ ఆపింది. కొమ్మలు సాగాక, మందార కొమ్మ గుచ్చితే అచ్చం తల్లిలాగే పూస్తుంది కాబట్టి, చిన్న చిన్న ముక్కలు కోసి అడిగినవాళ్లకు అడిగినట్టు ఇచ్చింది. టీ బండివాడికి ఒకటి, ఊడ్చే ఆడవాళ్లకు ఒక్కొక్కటి. తిరిగి వానలు వచ్చేసరికి నల్లంకలో డాబాల మీద, దొడ్ల గోడల వెంబడి, నూనె డబ్బాల్లో, పగిలిన బకెట్లలో వంకాయ రంగు పూసింది. అప్పలస్వామి గేటు పక్కన కూడా ఒకటి పాతాడు. దానికి ఎవరూ పేరు పెట్టలేదు గానీ, అందరూ ఆదివారం మందారం అంటారు.

ఒక రోజు ఒకావిడ జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. గొడుగు చూసి సత్యవేణి గుర్తుపట్టింది. ఆవిడ కమిషనరు గారి భార్యట. ఆ ఆదివారం ఆయన పెళ్లికెళితే, తలనొప్పిగా ఉందని తను ఇంట్లో ఉండిపోయిందట. కొలతలు ఇచ్చి, ఒక కొమ్మ తీసుకుని వెళ్లింది.

కొన్ని నెలలకు మళ్లీ ఇంకో జాకెట్టు కోసం వచ్చినప్పుడు ఆవిడే చెప్పింది. "మా ఇంటి ముందర రోజూ పూత్తోందమ్మా. పొద్దున్నే ఆయనే కోసి గణపతికి పెడుతున్నారు. పూయలేదని రాయించుకున్న పువ్వే గదా అని అడిగితే పలకరు."

సత్యవేణి నోట్లో గుండుసూదులున్నాయి. వాటిని తీసి కుషనుకు గుచ్చి, భుజం కొలత పట్టి, నవ్వింది.

"పొద్దున్నే గదమ్మా," అంది. "అప్పటికింకా ఆఫీసు తెరవరు."